రఘునాథ్ తెచ్చిన లఫెట్ డబ్బా

యాంగోన్‌లో మా కంపెనీ దింపే హోటల్‌కి వంక పెట్టడానికి లేదు, మెచ్చుకోవడానికీ లేదు. కిటికీ తీస్తే పక్క భవనం గోడ, జనరేటర్ రొద. బల్ల మీద కెటిల్, నీళ్ల సీసాలు. డ్యూరియన్ పండు గదిలోకి తేరాదని తలుపు మీద హెచ్చరిక. బాయిలర్ల తనిఖీకి మాండలే నుంచి ఎప్పుడొచ్చినా ఇక్కడే హాయిగా నిద్రపోతాను. ఈసారి మాత్రం కంటి మీద కునుకు లేదు. మర్నాడు చూడాల్సింది నది అవతల తన్లిన్‌లో రఘునాథ్ నూనెమిల్లు బాయిలర్.

ఆ మిల్లులోనే మా నాన్న సత్యారావు బాయిలర్ దగ్గర పనిచేశాడు. పని ఆగకూడదని రఘునాథ్, ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్ లేవకుండా దానికి ఇనప దిమ్మ కట్టించాడు. వద్దని నాన్న మొత్తుకున్నాడు. చివరికి ఆవిరి ఎగజిమ్మి, తోటి పనివాడు బుల్లియ్య చేతులు కాలిపోయాయి. పెద్దమనుషులు కూర్చునే వేళకి దిమ్మ మాయమైంది. తప్పు నాన్నదైంది.

మా తెలుగువాళ్లు బర్మా వాళ్ల దగ్గర పట్టుకున్న ఆచారం ఒకటుంది. తప్పు చేసినవాడు లఫెట్, అంటే ఊరేసిన తేయాకు, డబ్బాలో తెచ్చి దెబ్బతిన్నవాడి ముందు పెట్టాలి. అతను తింటే తగువు తీరినట్టే, ఇక ఎవరూ నోరెత్తకూడదు. ఆ డబ్బా నాన్న చేత మోయించారు. బుల్లియ్య తిన్నాడు. నా తప్పు కాదురా అని చెప్పుకునే దారి కూడా లేక, నాన్న ఆ మాట కడుపులో పెట్టుకునే పోయాడు. నేను ఈ ఉద్యోగంలో చేరింది అందుకే. రఘునాథ్ బాయిలర్‌కి నా చేత్తో తాళం వెయ్యాలి. పాముపగ అనుకుంటే అనుకోండి.

పొద్దున్న హోటల్ టిఫిన్ హాల్లో మొహింగా గిన్నె ముందు కూర్చున్నాను. చేప పులుసులో నూడిల్స్ ఇంకా నోట్లో పెట్టుకోలేదు, రఘునాథ్ వచ్చి ఎదుటి కుర్చీ లాక్కున్నాడు. చంకలో ఎర్ర లక్క డబ్బా.

“బాగున్నావేటమ్మా మణిమాలా? మన సత్యారావు కూతురు ఎంత ఆఫీసరైపోయినాదీ!” అంటూ డబ్బా నా వైపు జరిపాడు. “లఫెట్. ఎల్లుల్లి, నువ్వులు మా ఇంట్లోనే ఏయించినాను. పాతవి మనసులో ఎట్టుకోకు. ఓ ముద్ద తినీ తల్లీ. ఇక్కడ మనోళ్లెవులూ లేరు గదా.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం వినడమే గాని, కళ్లారా చూడ్డం అదే మొదలు. పాత సంగతి నేనెత్తనే లేదు. డబ్బా తెచ్చేవాడే తప్పు చేసినవాడని తన్లిన్‌లో ఏ తెలుగువాణ్ణడిగినా చెబుతాడు. హోటల్లో చూసేవాళ్లు లేరన్న ధీమాతో తెచ్చాడు. ఆ నవ్వు మొహం మీద మొహింగా గిన్నె బోర్లించాలనిపించింది. తమాయించుకుని డబ్బా నా సంచిలో పెట్టుకున్నాను.

“పనయ్యాక మిల్లు కాడ తిందుం బాబుగారూ.”

“అక్కడెందుకమ్మా,” అన్నాడు. అప్పటికే నేను లేచాను.

బాయిలర్‌ని శత్రువు కళ్లతోనే చూశాను. ఒక్క లోపం దొరకలేదు. వాల్వ్ లేవాల్సిన ఒత్తిడి దగ్గర చక్కగా లేచింది. అబద్ధం రాయాలని చెయ్యి దురదపెట్టింది. కానీ చెయ్యని తప్పు మీద పడితే ఎలా ఉంటుందో మా ఇంట్లో తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పాస్ అని రాసి సంతకం పెట్టాను.

రఘునాథ్ నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చాడు. గేటు ఎదురుగా బుల్లియ్య కిళ్లీ బడ్డీ. భోజనాల వేళ, పనివాళ్లంతా అక్కడే మూగి ఉన్నారు. నేను డబ్బా తీసి బుల్లియ్య ముందు పెట్టాను.

“ఏటమ్మా ఇది? మీ నాన్నది నానప్పుడే తినీసినాను గదా,” అన్నాడు.

“ఇది నాన్నది కాదు మావా. రఘునాథ్ బాబుగారు పొద్దున్న హోటల్‌కి అట్టుకొచ్చి నాకిచ్చినారు. సేతులు కాలింది నీకు గదా, నీకే సెందాల.”

అందరూ రఘునాథ్ వైపు తిరిగారు. కాదంటే ఎందుకు తెచ్చావంటారు, అవునంటే తప్పు ఒప్పుకున్నట్టే. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. నాకు ఎంత సంతోషమేసిందో దాచుకోను.

బుల్లియ్య ముడుచుకుపోయిన వేళ్లతో మూత తీశాడు.

“ఆ దినం సత్యారావు సేతులు వొణికినాయి. తప్పు సేసినోడి వొణుకనుకున్నాను,” అన్నాడు. మూత పెట్టేసి డబ్బా రఘునాథ్ చేతుల్లోకి తోశాడు. “నాను తిన్ను బాబూ.”

తగువు తీరలేదు. ఇక తీరదు కూడా.

“మరి దీన్ని నానేటి సెయ్యాలమ్మా?” రఘునాథ్ నా వెనకే బస్సు దాకా వచ్చాడు.

“ఇంట్లో ఎట్టుకోండి బాబుగారూ,” అన్నాను. “ఊరేసింది గదా, యేళ్లు గడిసినా పాడవదు.”