అలవాటైన చోటు

"నొప్పే తెలియలేదే జాస్మినూ. బంగారమే నీ చెయ్యి" అంది ఎలీసమ్మ, చీర సర్దుకుంటూ.

వంటింట్లో ఇడ్లీలు తీస్తున్న మెర్సీ చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్ళుగా అత్తగారికి ఇన్సులిన్ వేస్తున్నది తనే. పిల్లల క్యారేజీలు కట్టి, తను పాఠాలు చెప్పే స్కూలుకి పరుగెత్తే ముందు ఇంజెక్షన్ పెన్ పట్టుకుని కూర్చుంటే రోజూ వినే మాట ఒకటే: "నీ చెయ్యి మహా బరువమ్మా. గునపం దింపినట్టు దింపుతావు." షుగరు తగ్గక డాక్టరు మందు పెంచిన ప్రతిసారీ, "మా కోడలి వంట అలాంటిదిలెండి" అని చర్చివాళ్ళకి చెప్పుకునేది. ఎంత నెమ్మదిగా వేసినా ఆవిడ కళ్ళు మూసుకుని "ప్రభువా" అనేది. తనమీద పైకి ఫిర్యాదు పంపుతున్నట్టే ఉండేది మెర్సీకి.

తోడికోడలు జాస్మిన్ కాకినాడ నుంచి నిన్ననే వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి, తనకి తనే ఇన్సులిన్ వేసుకుందట. "ఇవాళ నేను వేస్తానక్కా, నువ్వు కాసేపు కూర్చో" అంది. ఆ మాటలో ప్రేమే ఉంది. అందుకే మరీ కష్టంగా తోచింది. అత్తయ్యకి నొప్పిగా ఉంటోందని విని పొట్టి సూదులు కొనితెచ్చింది కూడా. కొత్త సూది బిగించి, బొడ్డుకి ఎడమవైపు రోజూ వేసే చోటు వదిలేసి, కుడివైపు వేసింది. ఆ సన్నటి వేళ్ళనీ, గోళ్ళ మీది లేతరంగునీ మెర్సీ తలుపు దగ్గర నుంచి చూసింది. తన వేళ్ళ సందుల్లో అంట్లసబ్బు పగుళ్ళు.

"చూసేవా? నేర్చుకో" అన్నాడు మెర్సీ భర్త జీవన్, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆ రోజు ఆదివారం. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం మధ్యలో ఎలీసమ్మకి చెమటలు పట్టేశాయి. చేతులు వణకసాగాయి.

"ఉక్కపోతలా ఉందక్కా" అంటూ జాస్మిన్ పాటల పుస్తకంతో విసరసాగింది.

ఉక్క కాదని మెర్సీకి తెలిసింది. షుగరు పడిపోయింది. ఒక్క క్షణం ఆమెకి హాయిగా అనిపించింది. ఏం చేసిందో చూసుకోండి మీ బంగారు చెయ్యి, అనుకుంది. మరుక్షణమే బ్యాగులోంచి గ్లూకోజు తీసి నీళ్ళలో కలిపింది. "తాగండత్తయ్యగారూ. ఇంకొంచెం" అంటూ తల నిమురుతూ పట్టించింది.

ఆవిడ తేరుకున్నాక తమ ఊరు కొత్తపేటలోనే ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె ఎలీసమ్మ పొట్ట తడిమి, ఎడమవైపు వేళ్ళు ఆపింది. చర్మం కింద మెత్తటి గడ్డలా ఉంది.

"రోజూ ఇక్కడే వేస్తున్నారా?"

"అక్కడైతే నాకు నొప్పి తక్కువండి. అలవాటైపోయింది" అంది ఎలీసమ్మ.

"గడ్డ కట్టిన చోట మందు సరిగా ఒంటికి పట్టదు. అందుకే ఎంత పెంచినా షుగరు దిగలేదు. ఇవాళ మంచిచోట వేసేసరికి అంతా పట్టేసింది. మందు తగ్గిస్తాను. రోజూ చోటు మార్చాలి. సూది ఎన్నిసార్లు వాడుతున్నారు?"

"ఆయ్, అవన్నీ మా ఆవిడే చూసుకుంటుందండి" అన్నాడు జీవన్.

మెర్సీ అతనివైపు తిరిగింది. మొద్దుబారిపోయాయి, కొత్త సూదులు తెండి అని ఎన్నిసార్లు అడిగిందో. "పని చేస్తోంది కదా, ఇంకో వారం లాగించు" అన్నది ఈయనే.

"ఒక్కసారి వాడి పారెయ్యాలమ్మా. పొట్టి సూది చాలు" అంది డాక్టరమ్మ, మెర్సీకేసి చూస్తూ. అందరూ మెర్సీకేసే చూశారు. జాస్మిన్ కూడా.

సాయంత్రం ఇంజెక్షన్ వేళకి ఎలీసమ్మ మళ్ళీ, "జాస్మినూ, నువ్వే రామ్మా" అంది.

"రేపు నేను వెళ్ళిపోతున్నాను కదత్తయ్యా. అక్కకి చెప్పండి."

మెర్సీ జీవన్ చేతులవైపు చూసింది. టీవీ రిమోటు పట్టుకున్న చేతులు. ఇన్నేళ్ళలో వాటిని బరువని గానీ తేలికని గానీ ఎవరూ అనలేదు. పొద్దుట్నుంచీ జాస్మిన్ వేళ్ళని చూసి పడ్డ కుళ్ళంతా వెళ్ళి ఆ చేతులమీద వాలింది.

"ఏమండీ, చేతులు కడుక్కుని రండి" అంది.

"నేనా? నాకు సూదంటేనే భయం."

"మొదట్లో నాకూ భయమేనండి. ఇవాళ పక్కనుండి చూపిస్తాను. రేపట్నుంచి మీ అమ్మగారికి మీరే వెయ్యాలి."

"మగపిల్లాడి చేతా?" అంది ఎలీసమ్మ. మెర్సీ కొత్త సూది ఎలా బిగించాలో చూపించి, పెన్ అతని చేతిలో పెట్టింది.  సూది వంకరగా దిగింది. తీసేటప్పుడు రక్తపు చుక్క పైకొచ్చింది. ఎలీసమ్మ పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం నొప్పి లేదురా నాన్నా" అంది కొడుకు తల నిమురుతూ.

మెర్సీకి మళ్ళీ కుళ్ళు పుట్టింది. అయినా పెన్ వెనక్కి తీసుకోలేదు.