టికెట్టు మడత

ఆమని ఫోన్ చేసిందంటే షాపులో నెట్ పోయిందని అర్థం. ఇంకో అర్థం ఏదైనా ఉంటే బాగుండునని బాలరాజు ఏడాదిన్నరకు పైగా ఆశపడుతూనే ఉన్నాడు. ఆశకు సిగ్గుండదు కదా.

ఉప్పల్ బస్ డిపో వెనక అద్దెగదికి తాళం వేసి, పనిసామాను బ్యాగు భుజాన తగిలించుకుని నాచారం బయల్దేరాడు. ఇళ్ళకు ఇంటర్నెట్ వైర్లు లాగడం అతని ఉద్యోగం. ఊరందరికీ నెట్ ఇచ్చే మనిషి పెళ్ళాం షాపులో మాత్రం పది రోజులకోసారి నెట్ పోతుంది. పెళ్ళాం అనుకోవడానికైనా ఇంకా ఒక్క రోజే ఉంది. రేపు పదకొండింటికి ఫ్యామిలీ కోర్టులో చివరి వాయిదా. ఇద్దరం ఇష్టపడే విడిపోతున్నామని జడ్జిగారికి చెప్పాలి. ఇద్దరిలో ఒకరికి ఇష్టం లేదన్న సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా రాయలేదు.

ఆమని జిరాక్స్ షాపు ఈఎస్ఐ దవాఖానా పక్క సందులో ఉంది. అందులోని కంప్యూటర్ పెళ్ళయిన ఏడాది బాలరాజే పాత భాగాలు ఏరి తెచ్చి బిగించింది. వైఫై పట్టదు. వెనకున్న పోర్టులో వైరు గుచ్చితేనే నెట్ వస్తుంది. ఆ పోర్టును విరగ్గొట్టిందీ అతనే. నిరుడు మాఘమాసంలో ఒక సాయంత్రం అన్నానికి రమ్మని పిలిస్తే, ఈ ఒక్క ఫారం నింపి వస్తానంది ఆమని. అంతమాత్రానికే ఒళ్ళు తెలియని కోపంతో వైరు పట్టి గుంజాడు. పోర్టు అంచు విరిగింది, లోపలి పిన్నులు వంగాయి. షాపు నిండా జనం. ఆమని ఏడవలేదు.

"ఈరోజు వైరు, రేపు నా చెయ్యి" అంది. మర్నాడు పొద్దున అతని బట్టలు సర్ది గుమ్మం బయట పెట్టింది.

చెయ్యి ఎప్పుడూ ఎత్తలేదన్నది నిజమే. కానీ విరిగిన పోర్టు కళ్ళెదురుగా ఉండగా ఆ మాట ఎవరు వింటారు?

వారానికి ఆమనే ఫోన్ చేసింది. బాలరాజు పిన్నులు సరిచేసి, వైరు జారకుండా జేబులోని బస్సు టికెట్టు మడిచి సందులో దూర్చాడు. నెట్ వచ్చింది. పది రోజులకు ఊడింది, మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆ పోర్టు విరిగి ఉన్నంతకాలం ఈ ఫోన్ మోగుతుందని అతనికి అప్పుడు తట్టింది. "మొత్తం బోర్డే మార్చాలె. గసొంటిది ఇప్పుడు దొరుకుత లేదు" అని అబద్ధమాడాడు. వచ్చిన ప్రతిసారీ గ్లాసెడు మంచినీళ్ళు, పది నిమిషాలు ఆమె అలికిడి. దాంతోనే బతికాడు.

ఇవాళ ఆమని కూర్చోమని కూడా అనలేదు. "నిన్న ఒకమ్మాయి హాల్‌టికెట్ తీసుకుంటుంటే నెట్ పోయింది. గంటలో పరీక్ష. పాపం ఏడుస్తూ మెయిన్‌రోడ్డుకి పరిగెత్తింది. ఈసారైనా సరిగ్గా చెయ్యండి. రేపటి నుంచి మిమ్మల్ని పిలవలేను."

టేబుల్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్న బాలరాజుకు ఆ పిల్ల ఏడుపు చెవిలో పడ్డట్టే అయింది. తన ఆశకు ఎవరి బిడ్డో ఏడ్చింది. బ్యాగు అడుగున చెయ్యి పెట్టి, అట్టలు నలిగిన చిన్న ప్యాకెట్టు తీశాడు. అందులోని అడాప్టర్‌ను యూఎస్‌బీలో పెట్టి, దానికి వైరు గుచ్చితే చాలు, విరిగిన పోర్టుతో పనే లేదు. పాత కంప్యూటర్ కాబట్టి ముందు దానికో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. అదీ పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగానే ఉంది. పెట్టగానే తెరమీద ఒకటే ఫోల్డర్ కనిపించింది. పేరు 'ఆమని షాపు'. పక్కన తేదీ.

రోజుకు వంద ఫారాల్లో తప్పులు పట్టే కళ్ళు ఆమెవి.

"నిరుడు మార్చి ఇరవయ్యా?"

"ఉగాదికి ముందరనే గొన్న" అన్నాడు బాలరాజు తలెత్తకుండా. "ఇది వెడితే నువ్వు మళ్ల ఫోన్ జెయ్యవని... తప్పయింది ఆమనీ."

ఆమని స్టూలు మీద కూలబడింది. "నాచారంలో రిపేరువాళ్ళు లేరనుకున్నారా? ఈ వీధిలోనే ముగ్గురున్నారు. మీరు విరగ్గొట్టింది మీ చేత్తోనే బాగుచేస్తారేమో అని చూశాను. ఒక్కసారి సరిగ్గా చేసుంటే, బట్టలు తెచ్చేసుకోండి అని చెప్పేదాన్ని. మొన్న మే నెలలో కోర్టులో మొదటి సంతకం పెట్టే రోజు పొద్దున్న కూడా పిలిచాను. మీరు టికెట్టు మడిచి పెట్టి వెళ్ళిపోయారు."

అతనికి గుర్తుంది. ఆరోజు మంచినీళ్ళు కాదు, టీ ఇచ్చింది. ఆ టీ తాగి, ఇంకో పది రోజులకు మళ్ళీ రావచ్చని లోలోపల మురిసిపోతూ మెట్లు దిగాడు. ఎంత తెలివితక్కువవాడు!

"ఇప్పుడు జేస్తున్న గద. జర ఆలోచించు ఆమనీ."

"కోపమొస్తే విరగ్గొట్టారు, సరే. ప్రేమ ఉండి కూడా విరిగినట్టే ఉంచారు. ఇంక మీలో దేన్ని నమ్మమంటారు?"

అతని చేతులు తెలిసిన పని చేసుకుపోయాయి. అడాప్టర్ మీద పచ్చదీపం వెలిగింది, నెట్ వచ్చింది. వైరును రెండుసార్లు లాగి చూశాడు. కదల్లేదు. పాత పోర్టులోంచి టికెట్టు మడత తీసి జేబులో వేసుకున్నాడు.

దవాఖానా కాగితాలతో ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆమని కళ్ళు తుడుచుకుని లేచి ఆయన ఆధార్ అందుకుంది.

బాలరాజు గుమ్మం దగ్గర ఆగాడు. "మళ్ల ఊడితె ఫోన్ జెయ్యి" అన్నాడు అలవాటు కొద్దీ.

"ఇంకెక్కడ ఊడుతుంది?" అంది ఆమని, తెరమీంచి చూపు తిప్పకుండా. "ఈసారి గట్టిగానే పెట్టారుగా."