రెజిమెంటల్ బజార్‌లో ఎర్ర స్టార్

దగ్గరికి జరగండి తల్లీ, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండి. మన మేబెల్‌కి మొన్నటి క్రిస్మస్ సెలవుల్లో ఏమైందో చెబుతాను.

మేబెల్ చిన్నపిల్లల బడిలో టీచరు. కాప్రాలో ఉంటోంది. ఆ మధ్యాహ్నం పండుగ పిండివంట, గులాబీ పువ్వులు, వేస్తోంది. కాగిన అచ్చును పిండిలో ముంచి నూనెలో పెట్టి జాడిస్తే పువ్వు ఊడి తేలాలి. అది తేలబోతుండగా ఫోను మోగింది.

"మేబెల్ మేడమా? స్టేషన్ నుంచి కానిస్టేబుల్ హిమజను. మీరు సాక్ష్యం చెప్పిన హరికిషన్ ఉన్నడు గదా, జైలు నుంచి దవాఖానకు తీస్కపోతే తప్పించుకున్నడు. పరేషాన్ కాకుండ్రి. తలుపులేస్కొని ఇంట్లనే ఉండుండ్రి."

అచ్చు చేతిలోంచి నూనెలోకి జారిపోయింది.

వాడెవడో చెప్పాలి కదా. అంతకుముందు మేబెల్ వాళ్ళు రెజిమెంటల్ బజార్‌లో ఉండేవారు. ఒకనాడు ఎదురు వరస దుకాణం సేటును ఇనుప రాడ్డుతో కొట్టి గల్లాపెట్టె ఎత్తుకుపోతున్న మనిషిని ఆమె కిటికీలోంచి చూసింది. సేటు బతికాడు గానీ కుడిచెయ్యి పడిపోయింది. కోర్టులో వకీలు "ఎక్కడ నిలబడి చూశావు?" అంటే, "మా మేడమీద సార్, ఎర్ర స్టార్ ఉన్న ఇల్లు" అంది.

అందరూ క్రిస్మస్ పండుగ కాగానే స్టార్ దించి అటకెక్కిస్తారు. మేబెల్ దించదు. ఏడాది పొడుగునా మేడ మీద కర్రకు వేలాడాల్సిందే. ఆ గల్లీలో అన్నీ ఒకే తీరు ఇరుకు మేడలు. ఆటోవాళ్ళకు కూడా ఆ స్టారే గుర్తు. శిక్ష పడ్డరోజు హరికిషన్ బోనులోంచి ఆమె వైపు చూసి, "స్టార్ ఇల్లు... యాదుంటది" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆ మాటతో నిద్రలు కరువై, కాప్రాకు మారిపోయారు. కొత్త ఇంటి వివరం స్టేషన్‌లో చెప్పి ఉంచారు.

మేబెల్ భర్త డేవిడ్ రాజు ఫోను సంగతి వినగానే ఇంట్లో ఉన్న గడియలన్నీ బిగించాడు. "దేవునికి స్తోత్రం, ఇల్లు మారినం. వాడు అక్కడికే పోతడు, మనకేంది?"

అక్కడికే పోతాడు. ఆ ఇంట్లో ఇప్పుడు నవత అనే పిల్ల ఉంటోంది. భర్త డ్యూటీకి పోతే, నాలుగేళ్ళ పాపతో ఒక్కతే. ఇల్లు ఖాళీ చేసి వీళ్ళకు అప్పగించేనాడు ఆ పాప స్టార్ కావాలని ఏడిస్తే, మేబెల్ ముచ్చటపడి దాన్నక్కడే వదిలేసింది.

వెంటనే హిమజకు ఫోను చేసింది. "నాకు చెప్పిండ్రు, మంచిదే. ఆ పాతింట్ల ఉన్నోళ్లకు చెప్పిండ్రా?"

"ఎవరెవరికి చెప్పాల్నో రూల్ ఉంటది మేడం. కోర్టుకు, కంట్రోల్ రూంకు, పక్క స్టేషన్లకు చెప్పినం. సాక్షి అని మీకు చెప్పినం. పబ్లిక్‌కు చెప్పేది పెద్ద సార్లు చూస్తరు. ఇప్పుడే బయటపడితే వాట్సాప్‌ల తిరిగి, ఎవడో అమాయకుణ్ణి పట్టుకొని కొడ్తరు."

"వాడు ఆ ఇంటికే పోతడమ్మా!"

"సార్‌కు చెప్తా. మీరైతే బయటికి రాకుండ్రి."

హిమజ భయం ఉత్తది కాదు. దొంగ అనుకుని దుప్పట్లమ్మేవాణ్ణి చితకబాదిన సంగతి మేబెల్‌కీ తెలుసు. కానీ నవత నంబరు లేదు. ఇంటి ఓనరు ఫోను ఎత్తడం లేదు. స్టవ్ ఆర్పి స్కూటర్ తాళం అందుకుంది.

"పిచ్చిలేసిందా? వాడు ఎతికేది నిన్ను!"

"నన్ను ఎతుక్కుంట పోయి ఆ పిల్ల తలుపు కొడ్తడు."

డేవిడ్ రాజు తాళం లాక్కున్నాడు. దాచేస్తాడనుకుంది. ఆయన హెల్మెట్ పెట్టుకుని, "మొఖానికి స్కార్ఫ్ కట్టుకో. ఎనక కూసో" అన్నాడు.

మెట్టుగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగితే, పక్కనున్న ప్రతి మొహమూ వాడిదే అనిపించింది. ఎవరో దగ్గితే ఆయన చొక్కా గుప్పిట పట్టేసింది. మనం పోయేలోపు వాడు పోతే? తలుపు కొడితే ఆ పిల్ల ఎవరని అడుగుతుందా?

అడగదు. మేబెల్ కొట్టగానే నవత బార్లా తీసింది. "ఆంటీ! రాండ్రి, రాండ్రి. కేక్ తెచ్చిండ్రా?"

మేబెల్ లోపలికొచ్చి గడియ వేసి సంగతి చెప్పింది. నవత పాపను చంకనెత్తుకుని గోడకు కరుచుకుపోయింది. డేవిడ్ రాజు మేడెక్కి స్టార్ దించుతుంటే, కింద గాజుల దుకాణంలోంచి పాత పొరుగు కమలాబాయి, కిటికీ దగ్గరున్న మేబెల్ వైపు తల పైకెత్తింది.

"ఏందే మేబెలూ, పండుగ పోకముందే స్టార్ దింపుతుండ్రు?"

మేబెల్ కిందికి దిగి చెప్పేసింది. ఒక్క కమలాబాయికే కాదు, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు చెప్పింది. వాడికి ఎడమ కంటిమీద గాటు, కొంచెం కుంటు. కనిపిస్తే తలుపేసుకుని పోలీసుల వంద నంబరుకు ఫోన్ చెయ్యండి, చెయ్యి మాత్రం వెయ్యకండి, వాడు కాకపోతే ఆ పాపం మనకే.

"మా మగోళ్లు కొట్టకుంట ఉంటరా?" అంది కమలాబాయి.

"అందుకే నీకు చెప్తున్న, వాళ్లకు చెప్తలేను."

పొద్దు వాలుతుండగా వాడొచ్చాడు. మేబెల్ కర్టెన్ చాటునుంచి చూసింది. టోపీ, కుంటునడక. మేడలన్నీ చూసుకుంటూ గల్లీ చివరిదాకా పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. సరిగ్గా కింద ఆగాడు. పాప నోటిమీద నవత చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఎర్ర స్టార్ ఇల్లు ఏడ?"

కమలాబాయి గాజులు సర్దుతూనే ఉంది. గాజులు గలగలమంటున్నాయి. "పండుగలల్ల గల్లీకి నాలుగు స్టార్లుంటయి బిడ్డా, ఎర్రదో తెల్లదో ఎవరు చూస్తరు? జెర కూసో, చాయ్ చెప్తా."

వాడు కూర్చోలేదు, కదలనూ లేదు. అంతలో గల్లీ రెండు కొసల నుంచీ పోలీసులొచ్చారు. ఒక్క మనిషి వాడి మీద చెయ్యి వెయ్యలేదు. చొక్కా లోపల తువ్వాలుతో చుట్టినదేదో దొరికింది. అదేమిటో పోలీసులు విప్పి చూపలేదు. బండెక్కేముందు వాడు ఖాళీ కర్రను ఒకసారి చూశాడు.

హిమజ మేడ మీదికొచ్చింది. "బయటికి రావద్దన్న గదా మేడం." తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క గల్లీ నుంచి అన్ని ఫోన్లొచ్చినయని పెద్ద సారే మమ్మల్ని ఉరికిచ్చిండు."

"నా స్టార్?" అంది పాప. మేబెల్ స్టార్‌ను పాప ఒళ్ళో పెట్టి, "ఇగ ఇంట్లనే కట్టుకో బిడ్డా" అంది. వచ్చేముందు నవత నంబరు ఫోనులో ఎక్కించుకుంది.

ఇది గుర్తుపెట్టుకోండి తల్లీ. భయం కబురు మీదాకా వస్తే, మీ తలుపు వేసుకుని ఊరుకోకండి. ఇంకెవరి తలుపు తెరిచి ఉందో ఆలోచించండి. మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు కమలాబాయి చాయ్ మాట మాత్రం మరిచిపోకండి.