ఫోన్ నుదుట బొట్టు

కొరియర్ బండి గల్లీ మొదట్లో ఆగగానే నీలవేణి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. నాచారంలో ఆ గల్లీ వాళ్లకు ఆమె హడావిడి కొత్త కాదు గానీ, ఒక అట్టపెట్టె కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో వట్టి కాళ్లతో ఉరకడం మాత్రం అదే మొదటిసారి. పెట్టె చేతికందాక గానీ కాళ్లు కాలుతున్న సంగతి ఆమెకు తెలియలేదు.

అంత సంబరానికి కారణం లేకపోలేదు. నీలవేణి పగలు పారిశ్రామికవాడలోని ఒక ప్యాకింగ్ కంపెనీలో బిల్లులు కొడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి యూట్యూబ్‌లో ఫోన్ల గుట్టు విప్పుతుంది. ఛానెల్ పేరు ‘నీలక్క ఫోన్లు’. చుట్టాల్లో గానీ, పక్కిళ్లలో గానీ ఎవరు కొత్త ఫోన్ కొన్నా వాళ్ల గుమ్మంలో వాలిపోయి, “జర రెండు రోజులు ఇయ్యి అక్కా, పానం లెక్క సూసుకుంట” అని బతిమాలి తెచ్చుకునేది. అరువు ఫోనే అయినా మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేది. నీలక్క బాగుందంటే బాగున్నట్టే అనే పేరు మెల్లగా పడింది.

ఇప్పుడు వెస్కా అనే కంపెనీ తనంతట తానే ఫోన్ పంపింది. అదీ ఇంకా దుకాణాల్లోకి రాని ఫోన్! కంపెనీ తరఫున మాట్లాడే తేజేష్ ముందురోజే చెప్పాడు. “మీ రివ్యూ మా వాళ్లకు నచ్చితే ఇక మీదట ప్రతి ఫోనూ అమ్మకానికి రాకముందే మీ ఇంటికొస్తుందండీ. పొగడక్కర్లేదు, సరిగ్గా పరీక్షిస్తే చాలు. తెలుగులో ఒక్కరికే ఈ అవకాశం.” ఆ ‘ఒక్కరికే’ అన్న మాటతో నీలవేణికి రాత్రి నిద్ర పట్టలేదు, ఆఫీసుకూ సెలవు పెట్టేసింది. ఇక ఎవరి గుమ్మంలోనూ నిలబడనక్కర్లేదు.

కెమెరా పెట్టుకుని పెట్టె సీల్ కోసిందో లేదో, లోపలి గదిలోంచి బాపమ్మ కేక వేసింది. బాపమ్మ అంటే నీలవేణి నాయనమ్మ, బాలనర్సమ్మ.

“ఆగు! కొత్త వస్తువును గట్లనే ముడుతరా?”

పళ్లెంలో పసుపు తడిపి, కుంకుమ పెట్టుకుని వచ్చేసింది. ఆ ఇంట్లో ఫ్రిజ్‌కు బొట్టుంది, మిక్సీకి ఉంది, కుట్టుమిషన్‌కు ఉంది, గోడ మీద వైఫై డబ్బాకు కూడా ఉంది. బాపమ్మ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “మనిషికి నుదురు ఏడుంటదో దీనికి గూడ ఆడనే” అని తీర్మానించి, తెర పైభాగాన, మాట వినిపించే సన్నటి గీత కింద, సరిగ్గా నడిమధ్యన పసుపు అద్ది దాని మీద కుంకుమ పెట్టింది.

“ఇగ అచ్చొస్తది పో.”

వీడియోలో అది కూడా వచ్చింది. నీలవేణి నవ్వుతూ ఫోన్ కళ్లకద్దుకుని పనిలో పడింది.

ముందు ఒళ్లు చూసింది. వెనకభాగం గరుకుగా, చెమట చేతికి కూడా జారకుండా ఉంది. అంచులు అరచేతిని కోయడం లేదు. బల్ల మీద పెడితే మాత్రం కెమెరా ఎత్తు వల్ల కుంటి పీటలా ఊగుతోంది. “గీ ఊగుడు నాకు నచ్చలే” అని అక్కడే చెప్పేసింది. తర్వాత మెత్తటి గుడ్డ తీసుకుని ఫోన్ అంతా తుడిచింది. బొట్టు చుట్టూ తుడిచింది. ఫ్రిజ్ తుడిచినా అంతే, మిక్సీ తుడిచినా అంతే, చెయ్యి దానంతటదే బొట్టును తప్పించుకుని పోతుంది. ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువే కంట్లో పడుతుంది గానీ ఉన్నది పడదు. అద్దం మీద వెంట్రుకవాసి గీతను పట్టుకోగలిగిన పిల్ల, అంత బొట్టు కళ్లెదుట ఉన్నా చూడలేదు.

తర్వాత సాఫ్ట్‌వేర్. వేలు కదిపితే తెర నీళ్లలా జారిపోతోంది, ఆమె ప్రాణం లేచొచ్చింది. కానీ ఎవరూ అడగని యాప్‌లు బోలెడు, అందులో సగం తీసేద్దామన్నా పోవు. “అద్దెకున్నోళ్లు ఇల్లు ఖాళీ చేస్తలేరు” అని కెమెరా వైపు చూసి కన్నుగీటింది. ఆ రోజు ఆమె హుషారు అంతా ఇంతా కాదు.

మర్నాడు కూడా సెలవు పెట్టి ఉప్పల్ వెళ్లింది. మెట్రో ఎక్కి ఊరి అవతలి చివరి దాకా పోయి వచ్చింది. దారి పొడుగునా నెట్‌వర్క్ ఒక్కచోట కూడా తెగలేదు. మురిసిపోయి, తెర పరీక్షకు రింగురోడ్డు దగ్గర, వరంగల్ బస్సులు ఆగే చోట నడి ఎండలో నిలబడి ఫోన్ బయటికి తీసింది. తెర నల్లగా మసిబారినట్టుంది. ఎండ పెరిగితే తెర వెలుగు కూడా దానంతటదే పెరగాలి. ఇది పెరగడం మాట అటుంచి తగ్గిపోయింది. చేత్తో పెంచితే ఒక్క నిమిషం ఉండి మళ్లీ దిగిపోయింది.

కాల్ చూద్దామని బాపమ్మకు చేసింది. నంబర్ నొక్కగానే తెర మొత్తం చీకటి. చెవికి పెట్టకముందే చీకటి! మాట మాత్రం వినిపిస్తోంది.

“నీలా, ఎండల తిరుగుతున్నవా? మజ్జిగ తాగినవా?”

“తాగిన బాపమ్మా, పెట్టేస్తున్న.”

పెట్టేయడానికి తెర వెలిగితే కదా. బాపమ్మ మజ్జిగ నుంచి మామిడికాయ పచ్చడికి, పచ్చడి నుంచి కీసరలో చుట్టాల పెళ్లికి వచ్చింది. పక్కనున్న పండ్ల బండి ఆయన నవ్వుతున్నాడు. ఎక్కడ నొక్కినా కాల్ ఆగదు, బాపమ్మ అసలే ఆగదు. చివరికి ఆమే అలసిపోయి పెట్టేసింది.

నీలవేణికి ఒళ్లు మండింది. మళ్లీ మళ్లీ చేసింది, ప్రతిసారీ అదే తంతు. ఇంటికొచ్చి వీడియోలో తీర్పు చెప్పింది. “ఒళ్లు మంచిగుంది, నెట్‌వర్క్ మస్తుంది. గని ఎండల కనవడని తెర, కట్ చెయ్యరాని కాల్. నాకు ఉత్తగనే ఇచ్చిన్రని మీతోని కొనిపియ్య. వద్దు. కొనకున్రి.”

ఆ వీడియో నిప్పంటుకున్నట్టు పాకింది. కంపెనీ ఇచ్చిన ఫోన్‌నే ఏకిపారేసిన నాచారం పిల్ల అని జనం ఎగబడి చూశారు. ‘శభాష్ నీలక్క’ అన్నారు. ‘బాపమ్మ బొట్టు సూపర్’ అని కూడా వందలమంది రాశారు, అంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నీలవేణి ఆఫీసులో బిల్లు కొడుతూ బల్ల కింద ఫోన్ చూసుకుని ఒంటరిగా నవ్వుకుంది.

తేజేష్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కోపంగా లేడు, అదే ఆమెను ఇబ్బంది పెట్టింది.

“మీరు తప్పు చెప్పారని అనడం లేదండీ. ఆ ఫోన్ ఒక్కసారి నా కళ్లతో చూడాలి. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను.”

“రండి. ఎండలనే సూపిస్త” అంది నీలవేణి, కొంచెం బింకంగానే.

మరుసటి మధ్యాహ్నం అదే రింగురోడ్డు దగ్గర కలిశారు. తేజేష్ విజయవాడ నుంచి వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడినవాడు. చూడగానే నెమ్మదస్తుడిలా ఉన్నాడు. ఫోన్ తీసుకుని ఎండలోకి తిప్పాడు. మసి. కాల్ చేశాడు. చీకటి. తల గోక్కున్నాడు. సాఫ్ట్‌వేర్ మొత్తం చెరిపి మళ్లీ మొదట్నుంచి ఎక్కించాడు. ఏమీ మారలేదు. నీలవేణికి లోలోపల పండగ్గా ఉంది.

ఆఖరికి అతను రహస్య నంబరేదో కొట్టి లోపలి పరికరాల పరీక్ష తెరిచాడు. తెర మీద ఒక వరుస ఎర్రగా వచ్చింది. అతని నుదురు ముడిపడింది.

“ఏదో అడ్డముందని చెబుతోందండీ. ఇక్కడ పైన ఒక చిన్న కన్ను ఉంటుంది. వెలుతురెంతుందో, చెవి దగ్గరికొచ్చిందో లేదో చూసేది అదే. దానికేదో...”

ఇద్దరి తలలూ ఒకేసారి ఫోన్ మీదికి వంగాయి. కుంకుమ సగం రాలిపోయింది గానీ పసుపు మాత్రం అద్దానికి అట్టకట్టి, నుదుట నిండుగా, పచ్చగా ఉంది.

తేజేష్ ముందు నోరు తెరిచాడు, తర్వాత గబగబా జేబులోంచి తన ఫోన్ తీసి పైభాగం చూసుకున్నాడు. “మా అమ్మ వెనక పెట్టింది, బతికిపోయాను” అన్నాడు.

నీలవేణికి నవ్వు రాలేదు. ఇంతమందికి కొనొద్దని చెప్పింది. ఫోన్‌లో లోపం లేదు, తన కంటిలో ఉంది.

తేజేష్ ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. “ఒక పని చేద్దామండీ. మీరు వీడియో తీసేయండి. పంపిన ఫోన్ బాగోలేదు, మార్చి ఇచ్చాం అని మేమే రాస్తాం. మీ పేరు చెడదు, ముందుగా ఫోన్లు పంపే లిస్టులో మీ చోటూ పోదు. ఈ బొట్టు సంగతి మనిద్దరికే తెలుసు.”

“నిజం చెప్తే?”

అతను ఇబ్బందిగా కదిలాడు. “అంత బొట్టు చూడనివాళ్లను పరీక్షకు ఎలా పెట్టుకుంటామని పైవాళ్లు అడుగుతారు. అప్పుడు నేను చెప్పగలిగేది ఉండదండీ.”

వరంగల్ బస్సు ఒకటి వచ్చి ఆగింది, జనం తోసుకుంటూ ఎక్కారు, బస్సు వెళ్లిపోయింది. నీలవేణికి ఏడుపొచ్చేంత ఆశగా ఉంది ఆ లిస్టు మీద. కానీ లేని లోపాన్ని కంపెనీ నెత్తిన వేసి, ఆ పైన నీలక్క ఉన్నదున్నట్టు చెబుతుందని అనిపించుకోవడం ఆమె వల్ల కాలేదు. తన సొంత ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

“పట్టుకోన్రి. లైవ్ పెడుతున్న.”

“ఇప్పుడా? ఇక్కడా?”

“ఎండ పోతే మల్ల తెర సూపియ్యరాదు.”

కంపెనీ మనిషి కెమెరా పట్టుకుంటే, నాచారం పిల్ల నడిరోడ్డు మీద నిలబడి దులిపేసింది, తనను తానే. “అందరు సూడున్రి. నేను కొనకున్రి అన్నది గిందుకే. ఫోన్‌ది తప్పు కాదు, నాది. మా బాపమ్మది గూడ కాదు, ఆమె మంచికే పెట్టింది. సూడాల్సింది నేను.” సీసాలో నీళ్లతో చున్నీ కొస తడిపి, బొట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, తుడిచింది.

తెర భళ్లున వెలిగింది. నడి ఎండలో, అరచెయ్యి అడ్డం పెట్టకుండా, ప్రతి అక్షరం కనిపించింది. నీలవేణి అరిచినంత పని చేసింది. “అబ్బ! ఏం తెర ఉన్నదే నీకు!” బాపమ్మకు కాల్ చేసింది, చెవి దగ్గర పెడితే తెర ఆరింది, తీస్తే వెలిగింది, ఎర్ర గుండీ నొక్కితే బాపమ్మ మాట మధ్యలోనే తెగింది. “ఇంటికి పోయినంక తిట్లు తింట” అంటూ గంతులేసింది. ఆ ఊపులోనే అద్దెకున్న యాప్‌ల సంగతీ, బల్ల మీద ఊగుడు సంగతీ మళ్లీ చెప్పింది. మొన్నటి తప్పుకు ఇవాళ పొగిడి సరిచేయడం ఆమెకు తెలియదు. తేజేష్ కెమెరా వెనక నవ్వాపుకోలేకపోయాడు.

అప్పుడు మొదలైంది. ఆమె వైపు తిరిగి ఉన్న లైవ్ తెర మీద రాతలు వరదలా వచ్చి పడ్డాయి. ‘అక్కా నాది గూడ!’ ‘మా అత్త పెట్టింది, సంవత్సరం నుంచి కంపెనీని తిడుతున్నా!’ ‘రిపేరుకిస్తే కూడా దొరకలేదు, ఇప్పుడు తుడిచాను, వెలిగింది!’ కరీంనగర్ నుంచి, కాకినాడ నుంచి, బోడుప్పల్ నుంచి. నీలవేణి ఒక్కొక్కటీ గట్టిగా చదువుతూ ఎగిరి గంతేస్తోంది, బస్సు కోసం నిలబడిన ఇద్దరు ముగ్గురు కూడా తమ ఫోన్లు తీసి పైభాగం గీకి చూసుకుంటున్నారు.

మధ్యలో ఒక రాత దగ్గర ఆమె ఆగింది. రాజశ్రీ అట, బోడుప్పల్. మళ్లీ మొదట్నుంచి, మెల్లగా చదివింది.

‘అక్కా, నా ఫోన్‌కు బొట్టు మా అమ్మ పెట్టింది. కొన్న నెలకే అమ్మ పోయింది. కాల్ చేస్తే నాదీ నల్లగైతది, ఎందుకో ఇయ్యాల తెలిసింది. గని తుడువబుద్ధి అయితలేదు. ఏం జెయ్యాలె?’

చుట్టూ హారన్లు మోగుతూనే ఉన్నాయి. నీలవేణి కళ్లు తుడుచుకుంది, సిగ్గుపడలేదు.

“తుడువకు అక్కా. అస్సలు తుడువకు. నేను చెప్పినట్టు చెయ్యి.” ఫోన్‌ను కెమెరాకు దగ్గరగా పెట్టింది. “సెట్టింగ్స్‌ల యాక్సెసిబిలిటీ అని ఉంటది. అండ్ల ‘పవర్ బటన్ ఎండ్స్ కాల్’ అని ఉంటది, ఆన్ చెయ్యి. తెర నల్లగైతే కానియ్యి, పక్క బటన్ ఒత్తితే కాల్ కట్ అయితది. ఇగ ఆటో బ్రైట్‌నెస్ బంద్ చేసి వెలుగు చేత్తోని పెంచుకో. నీ ఫోన్ల దొరకకుంటే ఏ మోడలో రాయి, నేను వెతికిపెడత. బొట్టు జోలికి పోవద్దు.”

రాతలు ఆగిపోయాయి. అందరూ రాజశ్రీ కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. తేజేష్ ఆ సందులో, ఫోన్ మైకును వేలితో మూసి, “మీ అడ్రసు మారదు కదండీ? వచ్చే నెల ఇంకో ఫోనుంది. పైవాళ్లతో నేను కొట్లాడతాను” అన్నాడు. నీలవేణి తలూపింది గానీ ఆమె చూపు తెర మీదే ఉంది.

కాసేపటికి వచ్చింది జవాబు.

‘ఇప్పుడే మా అన్నకు చేసి సూసిన అక్కా. కట్ అయింది. అమ్మ బొట్టు గట్లనే ఉంది.’