రెండో బ్రేకు

మాస్టారు ముందు టైర్లను తట్టి చూశారు. కారు కిందికి వంగి నేలమీద నూనె చుక్కలేమైనా పడ్డాయేమో చూశారు. ఆ తరవాత పక్క సీటు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తన బ్రేకుని చేత్తో నొక్కారు. మళ్ళీ నొక్కారు. గట్టిగానే ఉంది.

ఉండదా మరి? ఇవాళ తను చలానా సంగతి తేల్చుకోడానికి కెమెరా ఆఫీసుకి వెళ్తున్నట్టు డ్రైవింగు స్కూల్లో అందరికీ తెలుసు. నిన్ననే ఎవరో బిగించేసి ఉంటారు.

డ్రైవింగు నేర్పే కార్లలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో ఏం చేసినా, పక్కనున్న మనిషి కారు ఆపగలగాలి కదా. మాస్టారి జీవితం చాలావరకు ఆ సీట్లోనే గడిచిపోయింది. సొంత బండి కొనలేదు. బస్సులో వెళ్తున్నా, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే ఆయన కుడికాలు దానంతటదే నేలను తొక్కేది. పెళ్ళయిన కొత్తలో సినిమాకి వెళ్తే, తెర మీద లారీ దూసుకొస్తుంటే ముందు సీట్లో కూర్చున్నాయన్ని తన్నారని భార్య ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

చలానా కిందటి నెల వచ్చింది. మార్కెట్టు కూడలిలో ఎర్రలైటు పడ్డాక మాస్టారి కారు గీత దాటిందని కెమెరా పట్టుకుంది. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలో ఉన్నా తప్పు మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళదే. చలానా నిలబడితే నేర్పే లైసెన్సు రద్దు చేస్తారు. ఈ వయసులో మళ్ళీ ఇవ్వరు. అంటే ఆ సీటు పోయినట్టే.

ఆ రోజు ఆయనకు బాగా గుర్తుంది. పసుపు లైటు పడగానే కాలు గట్టిగా తొక్కారు. కారు ఆగలేదు. తొక్కినా ఆగలేదంటే బ్రేకుని ఎవరో వదులు చేశారన్నమాట. ఇంకెవరు చేస్తారు? స్కూలు యజమాని మేనల్లుడు మెకానిక్కు పని నేర్చి వచ్చి చేరాడు. పెళ్ళాం పిల్లలున్నవాడు. ఈమధ్యే నేర్పే లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. కూర్చోడానికి ఖాళీ సీటే లేదు. ఆ సాయంత్రం బ్రేకు చూడమంటే, వాడే వచ్చి చూసి, వాడే బాగానే ఉందన్నాడు.

రుజువు కూడా మాస్టారు ఆలోచించి పెట్టుకున్నారు. ఇద్దరిలో ఎవరు బ్రేకు తొక్కినా కారు వెనక ఎర్రదీపం వెలుగుతుంది. వీడియో వేయించి చూస్తే, దీపం వెలుగుతూనే కారు ముందుకు పోవడం కనిపిస్తుంది. అప్పుడు ఎవరి మొహాలు ఎలా ఉంటాయో చూడాలి.

పొద్దున ఇంట్లోనూ ఇదే వరస. భార్య ఆయన కుడిపాదం ఒళ్ళో పెట్టుకుని మడమ కింద మందు రాసింది.

"ఇంత బొబ్బ ఎప్పుడు లేచిందండీ? నొప్పి లేదూ?"

"లేదు. ఆ బూట్ల కొట్టువాడు పాత తోలు అంటగట్టాడు. వాడి మొహం చూసినప్పుడే అనుకున్నా."

"మొన్న ఒంటిచెప్పుతో ఇల్లు చేరారు. అదీ కొట్టువాడేనా?"

"బస్సులో ఎవడో లాగేశాడు."

"ఒక్క చెప్పు లాక్కుని ఏం చేసుకుంటాడు, వాడికేమైనా ఒంటికాలా?"

ఆవిడ నవ్వింది కానీ పాదం మాత్రం వదల్లేదు, అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది. తరవాత గుమ్మం దాకా వచ్చి, ఆయన సందు మలుపు తిరిగేవరకూ నిలబడింది. ఆవిడ ఎవరినీ మామూలుగా పంపదు. ఆయన కూరల కోసం వెళ్ళినా అలాగే నిలబడుతుంది.

"మాస్టారూ, నేనూ ఓసారి చూడనా?" స్కూల్లో కారు దగ్గరికి మేనల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వు చూసింది చాలు. ఇకమీద ఈ కారు మీద చెయ్యి వెయ్యకు."

"నేనేం చేశానండీ?"

"అది ఇవాళ తెలుస్తుంది."

అతని మొహం నల్లబడింది. మాస్టారు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.

స్టీరింగు ముందు, ఆయన దగ్గర నేర్చుకుంటున్న దర్జీ ఆవిడ కూర్చుంది. చలానా పడిన రోజు నడిపింది ఆవిడే కాబట్టి సాక్ష్యం కూడా ఆవిడే.

"ఏమని చెప్పాలి మాస్టారూ? నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

"ఉన్నదే చెప్పమ్మా. ఎదర బస్సుంది, చూసుకో."

"మిషను తొక్కేటప్పుడు ఈ భయం లేదు. పాదం పెడలు మీదుందో లేదో చూడక్కర్లేదు, తెలిసిపోతుంది. ఇక్కడేమో ఏది ఎక్కడుందో అంతుపట్టదు."

"కాలికి అలవాటవ్వాలి. నా కాలు చూడు, దానికి నేను చెప్పే పనే లేదు."

మార్కెట్టు కూడలి దగ్గర స్తంభం మీది కెమెరాను మాస్టారు శత్రువును చూసినట్టు చూశారు.

ఆఫీసు గదిలో అధికారిణి జలుబుతో మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది.

"వెనకనుంచి తీసింది ఉందా అమ్మా?"

"నంబరు కోసం వెనకనుంచే తీస్తారండీ."

"అయితే మొదట్నించీ వెయ్యండి. మధ్యలో ముక్కలు తీసెయ్యొద్దు."

"నాకదే పనా?" అంటూ ఆవిడ తెరను ఆయనవైపు తిప్పింది.

కారు బస్సు వెనకాల వచ్చింది. బస్సు ఆగితే కారూ నెమ్మదించింది. వెనక ఎర్రదీపం వెలిగింది.

"చూశారా! అది ఈవిడ తొక్కిన బ్రేకు. దీపం బాగానే ఉంది. గుర్తుంచుకోండి," అన్నారు మాస్టారు ముందుకు జరిగి.

బస్సు కదిలింది. పసుపు లైటు పడింది. కారు ముందుకు పోయింది. ఎర్రలైటు పడింది. కారు గీత దాటింది. రోడ్డు దాటబోతున్న ఒక ముసలామె ఉలిక్కిపడి వెనక్కి గెంతింది. ఆమె చేతిలో సంచి జారిపడి, బంగాళాదుంపలు రోడ్డంతా దొర్లాయి. కారు అటువైపుకి వెళ్ళిపోయింది.

దీపం వెలగలేదు.

"ఇంకోసారి."

ఇంకోసారీ వెలగలేదు.

కాలు దించడం ఆయనకు గుర్తుంది. మోకాలు బిగుసుకోవడం గుర్తుంది, తొడ లాగడం కూడా గుర్తుంది. పాదం కింద ఏముందన్నది మాత్రం ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. బల్ల కింద కుడి బూటుతో నేలను తొక్కారు. ఆనిందో లేదో తెలియక వంగి చూశారు. ఆనే ఉంది.

"నేను తొక్కలేదు మాస్టారూ," దర్జీ ఆవిడ గొంతు తగ్గించి అంది. "మీరు తొక్కుతారనుకున్నా. మీరున్నారు కదా అని..."

అధికారిణి ఇదేమీ పట్టించుకోలేదు. "పసుపు లైటు చూడండి, రెప్పపాటు కూడా లేదు. ఆ కూడలి మీద అందరిదీ ఇదే గోల. చలానా కొట్టేస్తున్నానండీ. గెలిచారు, వెళ్ళండి."

"కానీ ఆ దీపం..."

"ఏ దీపం?"

మాస్టారు చుట్టూ చూశారు. అనుమానించడానికి గదిలో ఎవరూ దొరకలేదు.

"ఆ ముసలామెకి దెబ్బేమీ తగల్లేదు కదా?"

"ఎవరికీ ఏం కాలేదు లెండి."

బయటికొచ్చి మేనల్లుడికి ఫోను చేశారు. "నాయనా, ఒకసారి ఇటు రా." అతడు వచ్చి దూరంగానే నిలబడ్డాడు.

"ఏం తేలిందండీ? దొంగని నేనేనా?"

"బ్రేకు బాగానే ఉంది. నువ్వు పక్క సీట్లో కూర్చో."

"మరి మీరు?"

"వెనక."

"కేసు పోయిందా మాస్టారూ?"

"గెలిచాను."

గెలిచిన మనిషి ఇలా ఉంటాడా అన్నట్టు అతడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఏదో మెలిక ఉందనుకున్నట్టు పెడలు నొక్కి చూసుకుని మరీ కూర్చున్నాడు.

వెనక సీట్లోంచి రోడ్డు సగమే కనిపించింది, మిగతాదంతా రెండు తలలు. కూడలిలో పసుపు లైటు పడింది. మాస్టారి కాలు నేలను తొక్కింది. కారు గీతకి ఇవతలే మెత్తగా ఆగింది.

"బాగా తొక్కావు," అన్నారు.

"నేను కాదండీ, ఆవిడే."

దర్జీ ఆవిడ అద్దంలోంచి ఆయన్ని చూసింది. మాస్టారు తల ఊపారు.

తన సందు మొదట్లో కారు ఆపించి దిగారు. దిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో చూసుకుని మరీ దిగారు.

"పొద్దున్నే టైర్లు తట్టి చూడు," అన్నారు మేనల్లుడితో. "వంగి చూడు. చూసినట్టు నటించకు."

"రేపు మీరు రారా?"

"నిన్ను అన్న మాటలు మనసులో పెట్టుకోకు నాయనా."

రోజూ "వస్తానమ్మా" అనే మనిషి "వెళ్తానమ్మా" అని నడిచిపోయారు. దర్జీ ఆవిడ ఆయన మలుపు తిరిగేవరకూ బండి కదపలేదు.

స్కూలు దగ్గర మేనల్లుడు కారు లోపలి రబ్బరు పట్టాలు దులపడానికి తీశాడు. పక్క సీటు కింది పట్టా చేతిలోకి తీసుకుని అలాగే ఆగిపోయాడు. పెడలు ఉండేచోట మడమ ఆనీ ఆనీ గుంటపడి, అద్దంలా నున్నబడింది. దానికి బెత్తెడు ఎడంగా, పైన ఏ పెడలూ లేనిచోట, రబ్బరు ఈమధ్యే అరిగి తెల్లబడింది. అతడు దులపలేదు. మెట్టు మీద ఎండలో పరిచాడు. పాత గుంట మెరుస్తోంది. కొత్తది ఇంకా గరుకుగానే ఉంది.