వాగుకి వెనక తలుపు

పందెం. ఇది చివరిదాకా చదివి నమ్మకుండా ఉండు చూద్దాం. నమ్మకపోయినా నాకేం పోదులే, మా వీధి ఎలాగూ పోయింది.

మా పాత వీధిలో సాయంత్రం అయితే చాలు, అందరిదీ ఒకటే పని. ముందు తలుపు తియ్యడం, వెనక తలుపు తియ్యడం, చెప్పులు పైన పెట్టడం, కాళ్ళు ముడుచుకుని కుర్చీ ఎక్కడం. అప్పుడు వాగు వచ్చేది. ఇళ్ళు కట్టకముందు దాని దారి అదే మరి. మొదటింట్లో దూరి, వెనకనుంచి బయటికొచ్చి, పక్కింట్లోకి, అక్కణ్ణుంచి ఆ పక్కింట్లోకి, అలా ఆఖరింటిదాకా వెళ్ళి నదివైపు పోయేది. పోయాక తుడుచుకునేవాళ్ళం. వీధిలో ఏ ఇంటికీ గడప ఉండేది కాదు, దాని కాలికి తగులుతుందని. ఇందులో వింతేం లేదు, పాలబ్బాయి రావట్లేదా, ఇదీ అంతే.

మా అత్త, అంటే నాన్న చెల్లెలు, మాతోనే ఉండేది. నగరంలో ఏది ఎక్కడ కట్టాలో గీసే ఆఫీసులో ఉద్యోగం. వాగు వచ్చే టైముకి ఎలాగోలా ఇంటికి చేరేది. అమ్మా తనూ ఒకే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అది పోయేదాకా వీధిలో ఒక్కర్నీ వదలకుండా అందరి గురించీ చెప్పుకునేవాళ్ళు. కాళ్ళు తియ్యి వదినా, దానికడ్డం అని అత్త అంటే, అది నీకన్నా బుద్ధిగా పక్కనుంచి పోతుందిలే అని అమ్మ.

ఒకసారి అత్త ఆఫీసులో సుస్థిర అభివృద్ధి అని పెద్ద మీటింగ్ పెట్టారు. గోడల నిండా రంగురంగుల పోస్టర్లంట. నగరం రేపటి పిల్లలకీ మిగలాలి, నీటి దారి నీటికి వదలాలి, ఏం కట్టినా అక్కడుండేవాళ్ళని అడిగే కట్టాలి, ఇలాంటివి. అత్తకి ఊపొచ్చింది. లేచి మా వీధి గురించి చెప్పింది. మనం ఇప్పుడు నేర్చుకుంటున్నది మా వీధివాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నారు సార్ అని, వాగు ఏ ఇంట్లో ఎటునుంచి ఎటు పోతుందో బోర్డు మీద నీలం గీత గీసి మరీ చూపించింది. చప్పట్లే చప్పట్లు. పెద్ద సారు లేచొచ్చి ఆ గీతని చాలాసేపు చూశాడు.

"అంటే ఈ ఇళ్ళన్నీ వాగులో ఉన్నట్టేగా అమ్మా," అన్నాడు.

"లేద్సార్, వాగే మా ఇళ్ళల్లో ఉంది," అంది అత్త.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, పిచ్చిది.

నెల తిరక్కుండా నోటీసులొచ్చాయి. నీటి దారిలో కట్టిన ఇళ్ళు, ఖాళీ చెయ్యండి అని. అత్త ఆఫీసులో కాళ్ళరిగేలా తిరిగింది, ప్రతి టేబుల్ దగ్గరా నిలబడింది. అక్కడుండేవాళ్ళని అడిగే చెయ్యాలని మీ పోస్టర్ మీదే రాశారుగా సార్ అని పెద్ద సారునే నిలదీసింది.

"అడిగాం కదమ్మా," అన్నాడాయన. "నువ్వు అక్కడిదానివే కదా."

కూలగొట్టిన రోజు అమ్మ సామాన్లు కట్టుకుంటూ, దానికి దారి వదలమన్నావుగా, వదిలేశాం, సంతోషమేనా అంది అత్తతో. అంతే, ఆ తర్వాత మాటల్లేవు. వీధిలో ఎవరూ మాట్లాడలేదు తనతో.

మా అందర్నీ ఊరి చివర ఒక బిల్డింగులో పడేశారు. బయటంతా ఆకుపచ్చ రంగు, పైన సోలార్ పలకలు, వాటితో వెలిగేది బిల్డింగు పేరు బోర్డొక్కటే. లిఫ్టు మేం వచ్చిన రోజు నుంచీ చచ్చే ఉంది. మాది ఐదో అంతస్తు. అత్త మాతో ఉండకుండా విడిగా తీసుకుంది, సరిగ్గా మా పైన. ఇంటికి ఒకటే తలుపు. వెనక తలుపేది సార్ అని అత్త అడిగితే, మేడ మీద వెనకనుంచి ఎవరొస్తారమ్మా అన్నాడంట పెద్ద సారు.

మా వీధి ఉన్నచోట సిమెంటు కాలవ కట్టారు. రెయిలింగులు, బెంచీలు, దీపాలు, అబ్బో. ప్రారంభం రోజు సాయంత్రం దాకా కాచుకుని కూర్చున్నారు. వాగు రాలేదు. దానికి తెలిసింది మా ఇళ్ళు, కాలవ కాదు. చివరికి ట్యాంకరుతో నీళ్ళు పోసి ఫోటోలు దిగారు. ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి.

పోయిన వారం మెట్ల మీద చప్పుడైంది. మాకెవరికీ చెప్పక్కర్లేదు, అదే. మమ్మల్ని వెతుక్కుంటూ ఊరంతా దాటుకుని వచ్చింది. ప్రతి తలుపు దగ్గరా కాసేపు ఆగింది. ఎవరూ తియ్యలేదు. లోపలికొచ్చాక ఎటు పోవాలి అది? తలుపులు బిగించుకుని, అలవాటు పోక అందరం కాళ్ళు కుర్చీల మీద పెట్టుకుని కూర్చున్నాం. అమ్మ గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడింది, తియ్యలేదు. అది పైకి పోయింది.

అత్త తీసింది.

వాగు హాలు దాటి, వంటింటి గోడకి కొట్టుకుని, అక్కడే ఆగిపోయింది. మెట్ల మీంచి పడిపోతుందని అత్త తలుపేసేసింది. అప్పట్నుంచి ఆఫీసుకి పోలేదు, గడియ తియ్యలేదు. సాయంత్రం మాత్రం తీస్తుంది, వాగు ఇంకాస్త లోపలికొస్తుంది, అత్త మళ్ళీ వేస్తుంది. మా హాల్లో పైకప్పుకి చెమ్మ పట్టింది, రోజురోజుకీ పాకుతోంది.

ఇవాళ పొద్దున అమ్మ పైకెళ్ళింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. నేనూ వెనకే వెళ్ళా.

"ఎంతదాకా వచ్చాయే నీళ్ళు?" అంది తలుపు బయటనుంచే.

"మంచం దాకా వదినా."

"పంపించెయ్ మరి. తలుపు తీసి మెట్ల మీంచి పొమ్మను."

లోపల నీళ్ళల్లో అత్త తలుపు దగ్గరికి నడిచొచ్చిన చప్పుడైంది.

"దీనికి వెనక్కి నడవడం రాదు వదినా," అంది అత్త.

అమ్మ దిగొచ్చేసింది. అన్నం తినలేదు, పైకప్పు చూస్తూ కూర్చుంది. ఆ కాలవ కట్టినందుకు పెద్ద సారుకి ఏదో అవార్డొచ్చిందని టీవీలో వస్తుంటే లేచి ఆపేసింది.

ఆగు. మెట్ల మీద చప్పుడు. నాలుగో అంతస్తులో ఉన్నట్టుంది. అమ్మ తలుపు దగ్గరికెళ్ళింది, మళ్ళీ గొళ్ళెం మీద చెయ్యేసి

నన్నే పిలుస్తోంది. చెప్పులు పైన పెట్టమంటోం