కేసెట్టు రెండో వైపు

మా ఆయన చెవులతో నేను పడుతున్న కష్టం పగవాళ్లకు కూడా వద్దు. బట్టల మెషిన్‌లో బేరింగు అరగబోతోందని నెల ముందే చెబుతాడు. పక్కింటివాళ్ల హీటరు పంపు శ్రుతి తప్పిందని వాళ్ల తలుపు కొట్టి మరీ తెలియజేసి వచ్చాడు. అప్పటినుంచి వాళ్లు మమ్మల్ని చూస్తే సైకిలు వేగం పెంచుతున్నారు. ఒక క్రిస్మస్ నాడు ఫ్రిజ్ గొంతు మారిందంటూ దాన్ని గోడనుంచి లాగి వెనకాల దూరాడు. విందుకొచ్చిన మా అక్క అతని కాళ్లతో మాట్లాడి వెళ్లిపోయింది. "ఎప్పటికంటే ఈసారి బాగానే మాట్లాడాడే" అంది, గుమ్మంలో కోటు తొడుక్కుంటూ.

"సూప్ చల్లారిపోతోంది" అన్నది మాత్రం అతని చెవికి అందే శబ్దాల్లో లేదు.

అతని పేరు ఈల్కే. ఫ్రీస్‌లాండ్‌లో ఒక పాడిరైతు కొడుకు. చదువుకోవడానికి గ్రోనింగెన్ నగరానికి వెళ్లి, చదువును పక్కన పెట్టి, కూర్ట్ అనే స్నేహితుడితో కలిసి పాత రేడియోల పొట్టలు కోసి శబ్దాలు పుట్టించాడు. వాళ్లు దాన్ని సంగీతం అనేవాళ్లు. పాట లేదు, తాళం లేదు. ఒక గుర్రుగుర్రు, ఒక బుసబుస, మధ్యలో పిడుగు పడబోయి మానుకున్నట్టు ఏదో చప్పుడు. కావాలనుకున్నవాళ్లు ఖాళీ కేసెట్టూ తిరుగు స్టాంపులూ పంపితే, దాని మీద ఎక్కించి పోస్టులో వేసేవాళ్లు. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద ఆ గుర్రుగుర్రు విన్నవాళ్లంతా మా వంటింట్లో పట్టేస్తారు, కుర్చీలు కొంచెం జరిపితే.

ఆఖరి కేసెట్టు దగ్గర ఇద్దరికీ చెడింది. దాని రెండో వైపు ఒకటే ఒక ముక్క ఉంటుంది. ఏదో యంత్రం చాలా నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ ఉంటుంది. దాని అడుగున పెద్ద జంతువేదో మూలుగుతున్నట్టు ఉంటుంది. "అది మా నాన్న కొట్టంలో పాలు పితికే మిషన్" అంటాడు ఈల్కే. తనే రికార్డు చేసి కూర్ట్‌కి పంపాడు. కూర్ట్ దాన్ని సగం వేగానికి దించాడంతే, అని అతని వాదన. "కాదు, అది మా అమ్మ డయాలిసిస్ మెషిన్" అన్నాడు కూర్ట్. వాళ్లమ్మ ట్రీన్చె రెండు కిడ్నీలూ పాడై, ఇంట్లోనే ఆ మెషిన్ పక్కన బతికి, ఆ చలికాలమే పోయింది.

వాళ్లు పోట్లాడుకున్నప్పుడు నేనక్కడే ఉన్నాను. కూర్ట్ అసలు రికార్డింగు ఉన్న కేసెట్టు తెచ్చి ఈల్కే చేతిలో పెట్టి, "ముందు విను, తర్వాత మాట్లాడు" అన్నాడు. ఈల్కే దాని మీది చీటీ చూశాడు. 'పాల మిషన్' అని ఉంది, తన చేతిరాతలోనే.

"నా రాత నాకు తెలీదా? ఇంక వినేదేంటి?"

"కేసెట్టు నీదేరా. దాని మీదే మళ్లీ రికార్డు చేశాను. ఇంట్లో ఖాళీవి లేవు."

"చచ్చిపోయిన అమ్మని అడ్డం పెట్టుకుని నా టేపు కొట్టేస్తావా? అబద్ధాలకోరు వెధవా!"

కూర్ట్ కేసెట్టు తీసుకుని జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత మా పెళ్లయింది, పిల్లలు పుట్టి పెద్దయ్యారు, ఈల్కే బడిపిల్లలకు కరెంటు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. కూర్ట్ మాత్రం మా గడప తొక్కలేదు. అతని పేరెత్తితే ఈల్కే లేచి వెళ్లి ఏదో ఒకటి విప్పడం మొదలుపెట్టేవాడు.

ఈ వేసవిలో రోటర్‌డామ్ నుంచి మీర్తె అనే అమ్మాయి వచ్చింది. పాత కేసెట్లను వెతికి పట్టుకుని, ఎల్పీ రికార్డులుగా మళ్లీ తీసుకురావడం ఆమె పని. మా ఆయన చేసిన బుసబుస గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల కళ్లు చెమర్చాయి. నేను కిటికీ తెరిచాను, ఉల్లిపాయలవల్లేమోనని.

"జపాన్‌లో దీనికోసం ఎంతగా వెతుకుతున్నారో తెలుసా మీకు?" అంది.

"ఎవరు, పోలీసులా?" అన్నాను.

ఈల్కే నా వైపు చూడనైనా చూడలేదు. మీసం దువ్వుకుంటున్నాడు.

రికార్డు రావాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. కూర్ట్ ఒక్కటే అడిగాడట: రెండో వైపు తన పేరు, దాని కింద వాళ్లమ్మ పేరు. ఈల్కే కాఫీ కప్పు చప్పుడయ్యేలా పెట్టాడు. "మా ఇద్దరి పేర్లూ వేస్తే వెయ్యమ్మా, లేదంటే మానెయ్. ఇంకా అదే కథ చెబుతున్నాడా వాడు?"

ఆకులు రాలే వేళకు కూర్ట్ చెల్లెలు అలైడా ఫోన్ చేసింది. కూర్ట్ ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయని మాకు చూచాయగా తెలుసు. "గురువారం మధ్యాహ్నం డాక్టరు వస్తున్నారు, వీప్కె" అంది నాతో. మా దేశంలో ఆ మాట ఆ గొంతుతో అంటే, రోగి కోరిక మీద, చట్టప్రకారమే, సూది వేసి నిద్రపుచ్చడానికి వస్తున్నారని అర్థం. ఆ నిద్రలోంచి లేవడం ఉండదు. దానికీ తారీఖు ఉంటుంది, దంతాల డాక్టరుకి ఉన్నట్టే.

"మనిషికి బాధ చాలా ఉందా?"

"మెట్లెక్కి మూడేళ్లయింది. ఇప్పుడు అన్నం మెతుకు మింగినా ఆయాసమే. గురువారం చెత్తబండి వచ్చే రోజట, డాక్టరు కారు పెట్టుకోడానికి చోటుండదని కంగారుపడుతున్నాడు. ఇంకేం లేదు వాడికి దిగులు. కాదు, ఒకటుంది. రికార్డు రాకపోయినా పర్లేదంటున్నాడు. ఈల్కే ఆ మాట వెనక్కి తీసుకుంటే చాలట. అబద్ధాలకోరు అన్నాడే, అది. అమ్మ చావు మీద అబద్ధమాడాననిపించుకుని పోలేనంటున్నాడు."

ఈల్కేకి చెప్పాను. "నేనేం అబద్ధం చెప్పాననీ?" అని వెళ్లి పాత టోస్టరు విప్పాడు.

మంగళవారం నాడు మీర్తె మళ్లీ వచ్చింది, చేతిలో అట్టపెట్టెతో. అలైడా అటక మీద దొరికిందట. అందులోంచి ఒక కేసెట్టు తీసి బల్ల మీద పెట్టింది. నీలి సిరా వెలిసిపోయింది కానీ రాత చదవొస్తోంది: పాల మిషన్.

"చూశావా!" ఈల్కే నా వైపు తిరిగాడు. "నా రాత! ఇన్నేళ్లుగా చెప్పానా లేదా?"

"విందామా?" అంది మీర్తె.

తన చిన్న టేపురికార్డరులో పెట్టి మీట నొక్కింది. ముందు టేపు గరగర. తర్వాత ఆ యంత్రం. నెమ్మది చేయనిది, అసలు వేగంలోది. టిక్కుటిక్కుమని ఒక పంపు తిరుగుతోంది, గొట్టంలో నీళ్లు పారుతున్నట్టు సన్నటి జరజర. అందులో ఒక ఆడమనిషి గొంతు, చాలా దగ్గరగా, అలిసిపోయి.

"ఆ మైకు తీసెయ్ నాయనా. నాకు సిగ్గేస్తోంది."

"ఇంకొంచెం సేపమ్మా." కూర్ట్ గొంతు, లేతగా.

"నేను పోయేదాకా రికార్డు చేస్తావేంట్రా దీన్ని?"

తర్వాత ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, దగ్గుతోపాటు ఒక మూలుగు. ఆ మూలుగును సాగదీసి సాగదీసి చూస్తే ఏమవుతుందో మాకు ముగ్గురికీ తెలుసు. దాన్ని మేం జంతువు అనుకుంటూ వచ్చాం.

ఎవరూ టేపు ఆపలేదు. చాలాసేపటికి పంపు చప్పుడు టక్కున తెగింది. ఆ వెంటనే, చెరిగిపోకుండా మిగిలిన చివరి జానెడు టేపులో, మరో శబ్దం వచ్చింది: దబ్, దబ్, దబ్. బరువైన, మోటు చప్పుడు. ఒక ముసలాయన ఫ్రీస్‌లాండ్ భాషలో ఆవును తిడుతున్నాడు. అది మా మామగారు. ఆయన తిట్లను నేనెక్కడున్నా గుర్తుపడతాను, వాటిలో సగం నా మీద కూడా వాడారు కనుక.

రెండు మిషన్లకూ పోలికే లేదు. ఫ్రిజ్ గొంతు మారితే పట్టుకునే మనిషికి ఆ తేడా తెలియడానికి ఒక నిమిషం పట్టేది కాదు, ఆ రోజు విని ఉంటే.

ఈల్కే మీర్తెతో, "పేరు వాడిదే వెయ్. వాళ్లమ్మది కూడా" అన్నాడు. అని పెరట్లోకి వెళ్లిపోయాడు. వానలో నిలబడి సైకిలు చక్రం తిప్పి చూస్తున్నాడు. ఆ చక్రానికి ఏ జబ్బూ లేదు.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "మరి కూర్ట్‌కి ఏం చెబుతావు?"

"పేరు వేస్తున్నారుగా."

"వాడు పేరు అడగట్లేదు."

"బంగాళదుంపల్లో ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది.

గురువారం పొద్దున నేను అతని కోటు తీసి గుమ్మం దగ్గర పట్టుకుని నిలబడ్డాను. అందులో చేతులు దూర్చడం తప్ప అతనికి వేరే దారి లేకుండా పోయింది. కాలవ వెంబడి దారంతా టైర్ల గాలి గురించి మాట్లాడాడు. గ్రోనింగెన్ చేరేసరికి టైర్ల గురించి నాకు తెలియనిది ఏమీ మిగల్లేదు.

కూర్ట్ మంచం ముందుగదిలో, కిటికీ పక్కన వేసి ఉంది. నాకు గుర్తున్న బుగ్గల కుర్రాడు దుప్పటి కింద ఎక్కడా కనపడలేదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఒడిలో మీర్తె పంపిన రికార్డు అట్ట నమూనా. దాని మీద రెండు పేర్లూ ఉన్నాయి.

"రారా, పాల మిషన్" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "ముసలాడివైపోయావేంట్రా?"

"నువ్వు మాత్రం కుర్రాడిలా ఉన్నావు" అన్నాడు ఈల్కే. నాలుక కరుచుకున్నాడు.

కూర్ట్ నవ్వాడు. నవ్వితే గొట్టం ఊడింది. అలైడా మళ్లీ పెట్టింది. అందరికీ కాఫీ ఇచ్చి, యాపిల్ కేకు కోసింది. ఎవరమూ ముట్టుకోలేదు. ఈల్కే వాన గురించి మాట్లాడాడు. రోడ్డు మరమ్మతుల గురించి మాట్లాడాడు. కిటికీ కీలు కిర్రుమంటోందని లేచి, "నూనె ఉందా అలైడా?" అన్నాడు.

"ఒరేయ్," అన్నాడు కూర్ట్, "ఈ సాయంత్రం ఆ కిర్రు ఎవరు వింటారనిరా? కూర్చో."

ఈల్కే కూర్చున్నాడు. గడియారం వైపు చూడకుండా ఉండటానికి నలుగురమూ కేకు వైపు చూశాం. కూర్ట్ అట్ట మీద వాళ్లమ్మ పేరును వేలితో రుద్దుతున్నాడు. ఒకసారి తలెత్తి ఈల్కేను చూశాడు, ఏదో అడగబోయి మానుకున్నాడు. మళ్లీ తల దించుకున్నాడు.

వీధి తలుపు గంట మోగింది. అలైడా వెళ్లి తలుపు తీసింది. డాక్టరు, నడివయసు ఆవిడ, తడిసిన కోటుతో సంచితో వచ్చి గుమ్మంలో ఆగింది. "నేను కాస్సేపు వంటింట్లో ఉంటాను, కూర్ట్. తొందరేం లేదు" అంది.

"ఉండండి డాక్టరుగారూ." ఈల్కే లేచి నిలబడ్డాడు. గదిలో అందరికీ వినపడేట్టు చెప్పాడు. "నువ్వు టేపు నా చేతిలో పెట్టావు, కూర్ట్. నేను వినలేదు. అందులో ఉన్నది మీ అమ్మే. నువ్వు అబద్ధం చెప్పలేదురా. నాదే తప్పు."